గొల్ల కొండకు ముందు నాలుగు సాయంత్రాలు



కిందటి నెలలో ఒక సాయంత్రం మా మనవరాలు బడి నుంచి వస్తూనే నా చేతిలో ఒక కాగితం పెట్టింది. ఎనిమిదో తరగతి చదువుతోంది. మాది నల్లగొండ. వచ్చే శనివారం బడివాళ్లు పిల్లల్ని గోల్కొండ కోటకు తీసుకెళ్తున్నారట, ఇంట్లోవాళ్ల సంతకం కావాలట. కళ్లద్దాలు పెట్టుకుని చదివాను. బస్సు తెల్లవారుజామున 5 గంటలకు. యూనిఫాం తప్పనిసరి. నీళ్ల సీసా, టిఫిన్ డబ్బా, టోపీ తెచ్చుకోవాలి. నగలు వద్దు, సెల్‌ఫోన్ వద్దు. అన్నీ అవసరమైనవే. కోట గురించి మాత్రం అందులో ఒక్క ముక్క లేదు.

"ఎందుకు పోతున్నరు బిడ్డా?" అని అడిగాను.

"చూడనీకి" అంది.

"ఏం చూడనీకి?"

"కోట, అమ్మమ్మా!" అంది, ఇంత చిన్న సంగతి కూడా తెలియదా అన్నట్టు.

ముప్పై ఏళ్లు సోషల్ చెప్పినదాన్ని. ఈ జవాబు నాకు కొత్త కాదు. నా తరగతి పిల్లలూ ఇదే చెప్పేవాళ్లు. అంతకు మించి చెప్పగలిగేలా వాళ్లను నేను తయారు చేయలేదు.

ఉద్యోగంలో చేరిన కొత్తలో మొదటిసారి పిల్లల్ని గోల్కొండకు తీసుకెళ్లాను. 52 మంది. తలలు లెక్కపెట్టుకోవడంతోనే నా రోజు గడిచిపోయింది. బస్సు ఎక్కేటప్పుడు లెక్క, దిగేటప్పుడు లెక్క, మెట్ల దగ్గర లెక్క. సోమవారం వ్యాసం రాయించాను. 'గోల్కొండ కోట చాలా పెద్దది, చాలా పురాతనమైనది, మేమందరం చాలా సంతోషించాము' అని 51 మంది రాశారు. ఒకే ఒక్క పిల్లవాడు, 'మెట్లు ఎక్కీ ఎక్కీ నా పిక్కలు పట్టేసినవి, మధ్యల మూడుసార్లు కూసున్న' అని రాశాడు. వ్యాసానికి తగిన భాష కాదని వాడికి అందరికంటే తక్కువ మార్కులు వేశాను.

చాలా ఏళ్లకు తెలిసింది, ఆ 52 మందిలో కోటను చదివింది వాడొక్కడేనని. కోట కట్టిందే పిక్కలు పట్టేయడానికి. పైకి వచ్చే శత్రువు ఆయుధం మోసుకుంటూ, ఎండలో, ఆయాసపడుతూ, మధ్యమధ్య ఆగుతూ రావాలి. ఆగినచోట పైనుంచి రాయో బాణమో గుండో వాడి మీద పడాలి. పన్నెండేళ్ల పిల్లవాడి కాళ్లకు అర్థమైనది వాడి టీచరుకు అర్థం కాలేదు. ఆ మార్కులు ఇప్పుడు దిద్దలేను. ఆ వ్యాసాన్ని మాత్రం మరిచిపోలేదు.

మనవరాలి కాగితం మీద సంతకం పెట్టించాక నాకు నాలుగు సాయంత్రాలు దొరికాయి. వాటిలో మేమిద్దరం ఏం చేశామో చెబుతాను. పిల్లల్ని కోటలకు పంపే తల్లిదండ్రులకూ, తీసుకెళ్లే టీచర్లకూ ఒకటి రెండు సంగతులైనా పనికొస్తాయేమో.

మొదటి సాయంత్రం పుస్తకం తెరవలేదు. మా పక్కింటివాళ్లు పైన గదులు వేసుకుంటున్నారు. వీధిలో ఇసుక కుప్ప, పక్కనే కంకర. ఇద్దరం వెళ్లి అక్కడ కూర్చున్నాం. "మన ఊరు నల్ల కొండ. నువ్వు పోయేది గొల్ల కొండ. రెండిటికీ పేరు కొండతోనే వచ్చింది. ముందు కొండ చెయ్యి" అన్నాను. ఇసుకతో గుట్ట చేసింది. గోల్కొండ గుట్ట సుమారు 120 మీటర్ల ఎత్తు. మనకు బాగా తెలిసిన గ్రానైటు రాయి, సుమారు 250 కోట్ల ఏళ్ల నాటిది. ఎండకూ వానకూ పగిలి, ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు నిలబడ్డ బండలు దాని నిండా ఉంటాయి. ఒక గొల్లవాడికి అక్కడ విగ్రహం దొరికిందనీ, కాకతీయుల కాలంలో మట్టికోట వెలిసిందనీ చెబుతారు. 14వ శతాబ్దంలో అది బహమనీ సుల్తానుల చేతికి పోయింది. 1518 నుంచి కుతుబ్ షాహీల రాజధాని. వీళ్ల కాలంలోనే అది మనమిప్పుడు చూసే రాతికోట అయింది.

"ఇప్పుడు నువ్వే రాజువు. గోడ ఎక్కడ కడతావు?" అన్నాను. ఆమె గుట్ట చుట్టూ కంకరతో ఒక వరస పేర్చింది. "గుట్ట మీద నువ్వున్నావు సరే. నేతగాళ్లు, కమ్మర్లు, గింజలమ్మే కోమట్లు, గుర్రాలు కాసేవాళ్లు ఎక్కడుంటరు?" అంటే కాసేపు ఆలోచించి, దూరంగా ఇంకో పెద్ద వరస పేర్చింది. కంకర చాలలేదు. గుట్టకు ఒక పక్క నాలుగు పెద్ద రాళ్లు పెట్టి ఉంచాను. ఆ రాళ్ల మధ్య సందుల్లో మాత్రం కంకర పెట్టి, "ఇక్కడ బండే గోడ" అంది. నేను చెప్పకుండానే ఆ మాట వచ్చింది. గోల్కొండలో కట్టినవాళ్లు సరిగ్గా అదే చేశారు. ఏనుగంత బండలను కదిలించకుండా, వాటి మధ్య గోడ అల్లుకుంటూ పోయారు. కొన్నిచోట్ల బండ ఎక్కడ అయిపోయిందో, గోడ ఎక్కడ మొదలైందో వెతుక్కోవాలి. అక్కడికి వెళ్లాక అలాంటి చోటు ఒకటి పట్టుకోమన్నాను.

కోటకు మూడు వరసల రక్షణ ఉంది. ఊరంతటినీ చుట్టిన బయటి గోడ, గుట్ట పాదం దగ్గర జంట గోడ, పైన బండలను కలుపుకుంటూ పోయే గోడ. బయటి గోడకు 8 దర్వాజాలు, 87 బురుజులు అని లెక్క చెబుతారు. అంకెలు బట్టీ పట్టొద్దన్నాను. దాని బదులు ఒక ప్రశ్న ఇచ్చాను. గుట్ట మీదికి పోయే బాలా హిసార్ దర్వాజా ముందు అడ్డంగా ఒక గోడ నిలబడి ఉంటుంది. తలుపు పెట్టుకున్నవాళ్లు దానికి ఎదురుగా గోడ ఎందుకు కట్టుకున్నారు?

ఆ రాత్రి అన్నం తింటూ ఉండగా ఆమెకే తట్టింది. "ఏనుగు ఉరికొస్తది కదా తలుపు గుద్దనీకి. గోడ ఉంటే ఉరకనీకి జాగ ఉండదు!" అంది. చెయ్యి కడుక్కోకుండానే లేచి ఏనుగులా నడిచి చూపించింది. తలుపులకు కొట్టిన ఇనుప మేకులు కూడా ఆ ఏనుగు నుదుటి కోసమేనని అప్పుడు చెప్పాను. ముందే చెప్పి ఉంటే అది నేను చెప్పిన సమాచారంగా మిగిలేది. ఇప్పుడు అది ఆమె కనిపెట్టిన సంగతి. అక్కడికి వెళ్లి ఆ గోడ ముందు నిలబడినప్పుడు ఎవరూ వివరించక్కర్లేదు.

రెండో సాయంత్రం నీళ్లు. కోట అనగానే పిల్లలు కత్తులూ ఫిరంగులూ తలుచుకుంటారు. నా ఉద్దేశంలో మాత్రం కోటను నిలబెట్టేది మొదట నీళ్లే. మా డాబాకు 38 మెట్లు. బిందెలో సగానికి నీళ్లు పోసి, డాబా మీది తులసి కోటకు పోసి రమ్మన్నాను. ఒకసారి వెళ్లొచ్చింది. ఇంకోసారి అన్నాను. మూడోసారి దిగేసరికి మెట్ల మీదే కూలబడింది. గోల్కొండలో పైదాకా 360 మెట్లని చెప్పాను. నోట మాట లేదు.

తర్వాత కాగితం మీద లెక్క వేశాం. తాగడానికీ వండుకోవడానికీ మనిషికి రోజుకు 5 లీటర్లు అనుకుందాం, పైన 200 మంది ఉన్నారనుకుందాం. 1,000 లీటర్లు కావాలి. మా బిందెకు 15 లీటర్లు పడతాయి. అంటే 67 బిందెలు. ఒక్కో బిందెకు 360 మెట్లు. గుణించి 24,120 అని రాసింది. "రోజూనా?" అని అడిగింది. రోజూ అన్నాను. ఇది మేము ఊహించుకుని వేసిన లెక్కే, చరిత్రలో రాసి ఉన్నది కాదు. అయినా నీళ్లు ఎంత బరువైన విషయమో పాఠ్యపుస్తకంలోని ఏ పేరా చెప్పనంత గట్టిగా ఆ అంకె చెప్పింది.

అప్పుడు దుర్గం చెరువు గురించి చెప్పాను. ఈ రోజుల్లో హైదరాబాదులో తీగల వంతెన దీపాలు చూడ్డానికి జనం వెళ్లే ఆ చెరువే ఒకప్పుడు కోటకు నీళ్లిచ్చేది. అక్కడి నుంచి నీళ్లు పల్లానికి నడిచి కోట దాకా వచ్చేవి. అసలు కష్టం అక్కణ్ణుంచి. గుట్ట మీదికి ఎక్కించాలి. ఒక్క ఊపున ఎక్కవు కాబట్టి అంచెలు పెట్టారు. ఒక తొట్టి, దాని మీద కుండలు కట్టిన చక్రం, ఆ చక్రం తోడిన నీళ్లు పడే పై తొట్టి, మళ్లీ ఒక చక్రం. మట్టి గొట్టాలు గోడల్లో పొదిగి నీళ్లను మహళ్లకూ తోటలకూ పంచారు. విరిగిన గోడల్లో ఆ గొట్టాల ముక్కలు ఇప్పటికీ కనిపిస్తాయి. మన ఇంట్లో గోడలో పొదిగిన పైపుకు అవి పూర్వీకులు. "నువ్వు కనీసం ఒక్క గొట్టం ముక్కయినా వెతికి పట్టుకో, ముట్టుకోకుండా బొమ్మ గీసుకో" అన్నాను.

నీళ్ల తర్వాత చప్పట్లు. గోల్కొండ అంటే అందరూ మొదట చెప్పేది ఇదే. బాలా హిసార్ దర్వాజా లోపలి గుమ్మటం కింద చప్పట్లు కొడితే గుట్ట నెత్తిన ఉన్న బారాదరి మండపంలో వినిపిస్తుంది. నడిచి వెళ్తే అది కిలోమీటరు దాకా దారి. పిల్లలందరూ ఒకేసారి ఆ గుమ్మటం కింద గుమిగూడి చప్పట్లు కొట్టి, నవ్వుకుని, ముందుకు పోతారు. పైన వినేవాడు ఒక్కడూ ఉండడు. నా పిల్లలూ అలాగే చేశారు. అందుకని టీచర్లకు నా విన్నపం. ముందుగా నలుగురు పిల్లల్ని ఒక టీచరుతో పైకి పంపండి. కింద నలుగుర్ని ఉంచండి. సరిగ్గా 11 గంటలకు కింద ఒక్కడు మూడుసార్లు కొట్టాలి. 11 గంటల 2 నిమిషాలకు అదే పిల్లవాడు గుమ్మటం కింది నుంచి పది అడుగులు పక్కకు జరిగి మళ్లీ మూడుసార్లు కొట్టాలి. పైనవాళ్లు రెండుసార్లూ ఏం విన్నారో రాసుకోవాలి. తేడా ఉందా, ఎంత ఉంది అన్నది పిల్లలే చెప్పాలి. గుమ్మటమూ, దాని చుట్టూ ఉన్న కమానులూ చప్పుడును చెదిరిపోనివ్వకుండా కూడగట్టి పంపుతాయి. ఆ మాట వాళ్లు విన్నాక చెబితే చెవిలోకి ఎక్కుతుంది. శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుందని ఎనిమిదో తరగతి పిల్లలకు సైన్సులో వస్తుంది. మెట్లెక్కి కబురు మోసే మనిషికి ఎంతసేపు, చప్పట్లకు ఎంతసేపు అన్న లెక్క సోషలూ కాదు, సైన్సూ కాదు, రెండూ.

ఇక్కడ ఒక సంగతి చెప్పి తీరాలి. నేను తీసుకెళ్లిన ఇంకో బృందంలో పోలియో వల్ల కాలు సరిగా లేని అమ్మాయి ఒకతి ఉండేది. "నువ్వు ఎక్కలేవు కదమ్మా, కింద కూచుని సంచులు చూస్తూ ఉండు" అన్నాను. ప్రేమతోనే అన్నాననుకున్నాను. రెండున్నర గంటలు ఆ పిల్ల 40 సంచుల మధ్య కూర్చుంది. ఆ అమ్మాయి కూర్చున్న చోటికి పది అడుగుల దూరంలో దర్వాజా మీద నెమళ్లు, సింహాల బొమ్మలు ఉన్నాయి. ఏనుగును ఆపే గోడ ఉంది. చప్పట్ల గుమ్మటం ఉంది. కోట మొత్తంలో చూడదగ్గవి సగం ఆ కిందే ఉన్నాయి. చప్పట్లు కొట్టే పని ఆమెకు ఇచ్చి ఉంటే, పైనున్న 40 మందీ ఆమె చేతుల కోసం చెవులు రిక్కించుకుని ఉండేవాళ్లు. ఎక్కలేని పిల్ల మీ బృందంలో ఉంటే సంచుల కాపలా పెట్టకండి.

మూడో సాయంత్రం కథలు. రాజుల పేర్లు వరసగా అప్పజెప్పించడం నాకు ఇష్టం లేదు. మూడు సంవత్సరాలు చాలన్నాను. 1591, 1656, 1687. కోటలో జనం కిక్కిరిసిపోయి, నీళ్లు చాలక, 1591లో మహమ్మద్ కులీ కుతుబ్ షా మూసీ అవతల కొత్త ఊరు కట్టాడు. అదే హైదరాబాదు, చార్మినారు దాని నడిబొడ్డు. 1656లో అప్పటికింకా మొగలు యువరాజుగా ఉన్న ఔరంగజేబు వచ్చి మీదపడితే అబ్దుల్లా కుతుబ్ షా ఈ పాత కోటలోకే పరుగెత్తాడు. సంధి కుదిరి బతికిపోయాక కోటను మరింత గట్టి చేయించాడు. మూసా బురుజు, నయా ఖిల్లా ఆ భయం లోంచి పుట్టినవే. 1687లో ఔరంగజేబు చక్రవర్తిగా మళ్లీ వచ్చాడు. ఎనిమిది నెలల ముట్టడి.

ఈ ఎనిమిది నెలల కథ చెబుతుంటే పిల్ల కదలలేదు. మొగలులు గోడ కింద సొరంగాలు తవ్వి మందుగుండు పెడితే అది వెనక్కి తన్ని వాళ్ల సైనికులనే చంపింది. వానలకు మోర్చాలు కొట్టుకుపోయాయి. ముట్టడి వేసినవాళ్ల దండులోనే తిండికి కరువొచ్చింది. ఒక రాత్రి నిచ్చెనలు వేసి గోడ ఎక్కుతుంటే ఒక కుక్క మొరిగి కాపలావాళ్లను లేపిందనీ, ఆ కుక్కకు అప్పటి సుల్తాను తానీషా బంగారు గొలుసు వేయించాడనీ మొగలుల చరిత్ర రాసిన ఖాఫీ ఖాన్ రాశాడు. చివరికి 1687 సెప్టెంబరులో కోట పడింది. గోడ కూలి కాదు. లోపలి సేనాని ఒకడు, అబ్దుల్లా ఖాన్ పన్నీ, లంచానికి లొంగి రాత్రిపూట తలుపు తీశాడు. అబ్దుర్ రజాక్ లారీ అనే ఇంకో సేనాని అదే రాత్రి ఒళ్లంతా గాయాలయ్యేదాకా పోరాడాడు. తానీషాను దౌలతాబాదు కోటలో బంధించారు. ఆయన మళ్లీ గోల్కొండ చూడలేదు. గుట్టకు దగ్గర్లోనే కుతుబ్ షాహీల సమాధులున్నాయి. వాటిలో ఆయనది లేదు.

"మరి అంత గోడ కట్టి ఏం లాభం?" అంది పిల్ల. కోపంగా అంది. ఆ కోపం నాకు సంతోషమనిపించింది. "కోటకు పోయినప్పుడు గోడను అడుగు" అన్నాను.

ఈ కథలు చెప్పడంలో ఒక ప్రమాదం ఉంది. పేర్లు చూసి పక్షాలు కట్టడం పిల్లలు ఈ మధ్య తొందరగా నేర్చుకుంటున్నారు. గోల్కొండ ఆ లెక్కకు అందదు. ముట్టడి వేసినవాడూ ముట్టడిలో ఉన్నవాడూ ఒకే మతంవాళ్లు. తానీషా రాజ్యాన్ని నడిపిన మంత్రులు అక్కన్న మాదన్నలు. అంతకు వందేళ్లకు పైగా ముందు ఇబ్రహీం కుతుబ్ షా యువరాజుగా ఉన్నప్పుడు విజయనగరంలో అళియ రామరాయల దగ్గర తలదాచుకుని, తెలుగు మీద మక్కువ పెంచుకుని, గద్దెనెక్కాక తెలుగు కవులను పోషించాడు. మన కవులు ఆయన్ని మల్కిభరాముడు అని పిలుచుకున్నారు. అద్దంకి గంగాధర కవి తన 'తపతీ సంవరణోపాఖ్యానం' ఆయనకే అంకితమిచ్చాడు. గుట్ట ఎక్కే దారిలో మసీదూ ఉంది, మహంకాళి గుడీ ఉంది. ప్రతి ఆషాఢంలో బోనాలు మొదట ఎక్కేది ఆ గుట్టే. ఇవన్నీ చెప్పి, "ఎవరు మనోళ్లు అమ్మమ్మా?" అని ఆమె అడిగినప్పుడు, "నీళ్లు మోసినోళ్లను లెక్కల్ల వేసుకో ముందు" అన్నాను.

వజ్రాల సంగతి కూడా ఒక్క మాట. గోల్కొండలో వజ్రాల గని లేదు. గనులు దూరంగా కృష్ణ ఒడ్డున కొల్లూరు లాంటి చోట్ల ఉండేవి. కొల్లూరు గనులు ఇప్పుడు పులిచింతల జలాశయం కింద మునిగి ఉన్నాయి. రాళ్లు వచ్చి చేరేదీ, సానపట్టేదీ, బేరాలు సాగేదీ గోల్కొండలో, దాని పక్కన కార్వాన్‌లో. అందుకే ఆ పేరు ప్రపంచమంతా పాకింది. పిల్లలు కోటలో వజ్రాల గొయ్యి వెతుక్కుని నిరాశపడకుండా ఈ ముక్క ముందే చెప్పడం మంచిది.

నాలుగో సాయంత్రం నోట్‌బుక్ తయారీ. కొత్తది కొనలేదు, పాత నోట్సులో మిగిలిన కాగితాలు కుట్టాను. ప్రతి పేజీకీ మూడు గడులు. మొదటిది 'చూసింది', రెండోది 'విన్నది', మూడోది 'అడగాల్సింది'. కోటలో చెప్పే కథలు తియ్యగా ఉంటాయి. ఇక్కణ్ణుంచి చార్మినారు దాకా సొరంగం ఉందంటారు. అది 'విన్నది'లో రాసుకోవాలి. అంబర్‌ఖానా అనే కొఠారు రాతి మీద శాసనం ఉంది. అది 'చూసింది'. రామదాసు చెర దగ్గరికి వచ్చేసరికి మేమిద్దరం చాలాసేపు వాదించుకున్నాం. రామదాసుగా పేరుపడ్డ కంచర్ల గోపన్న పాల్వంచ తహసీల్దారుగా ఉండి, భద్రాచలంలో రాముడికి గుడి కట్టించి, సర్కారు సొమ్ము వాడాడని చెరలో పడ్డాడు. ఆ కొట్టు, పైనుంచి వెలుతురు పడే కంత, గోడ మీది దేవుళ్ల రూపాలు ఆమె కళ్లతో చూస్తుంది. ఆ రూపాలు ఆయనే చెక్కాడనీ, పన్నెండేళ్లు అక్కడే ఉన్నాడనీ అక్కడ చెప్పేవాళ్లు చెబుతారు. "విన్నది అబద్ధమా?" అంది. కాదన్నాను. విన్నదాన్ని విన్నదిగానే రాసుకుంటే దాని విలువ తగ్గదు. ఇన్ని వందల ఏళ్లు జనం దాన్ని చెప్పుకుంటూ వచ్చారంటే అది కూడా ఒక రుజువే, గోడ గురించి కాకపోయినా జనం గురించి. "మరి ఆ కుక్క?" అంది. "అది 'చదివింది' " అన్నాను. వెంటనే నాలుగో గడి గీసింది.

ఇక ఒంటి సంగతులు. కొత్త చెప్పులు వద్దు, అరిగిన పాత బూట్లే మేలు. మెట్లు జనం నడకకు నున్నబడి ఉంటాయి, కాలు జారుతుంది. దిగేటప్పుడు ఇంకా జాగ్రత్త. ఫొటో కోసం బురుజు అంచు ఎక్కడం అసలు కూడదు. పదిహేనేళ్ల లోపు పిల్లలకు టికెట్టు లేదు.

ఆడపిల్లల విషయంలో బడులు రాయని సంగతి ఒకటుంది. మరుగుదొడ్డి ఎక్కడుంటుందో తెలియక ఆడపిల్లలు ముందురోజు రాత్రి నుంచే నీళ్లు తాగడం మానేస్తారు. ఎండలో 360 మెట్లెక్కి కళ్లు తిరిగి పడిపోతారు. ముప్పై ఏళ్లలో ఇది ఎన్నిసార్లు చూశానో. టీచర్లు ముందే కనుక్కుని, బస్సులోనే అందరికీ వినిపించేలా చెప్పాలి. దారిలో ఎక్కడ ఆగుతారో, కోటలో ఎక్కడ వెళ్లవచ్చో, నెలసరి వస్తే ఏ టీచరును అడగాలో. సిగ్గుపడే మాటలు కావివి. మా పిల్ల సంచిలో రెండు నీళ్ల సీసాల పక్కన అవసరమైనవి ఒక గుడ్డసంచిలో పెట్టి, తాగు బిడ్డా అని మరీ మరీ చెప్పి పంపాను.

గోడల మీద పేర్లు చెక్కడం గురించి కూడా మాట్లాడాం. రక్షిత కట్టడాన్ని పాడుచేస్తే రెండేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా అని 1958 నాటి చట్టానికి 2010లో సవరణ చేశారు. ఆ మాట చెప్పాను. అయితే పిల్లకు పట్టింది చట్టం కాదు. డంగుసున్నంతో అద్దిన ఒక పువ్వు నాలుగొందల వానలు తట్టుకుని నిలబడింది, మేకుతో గీకితే నిమిషంలో రాలిపోతుంది అంటే ముఖం చిన్నబుచ్చుకుంది.

గోల్కొండే కానక్కర్లేదు. గండికోటకు పోతే, పెన్న కోసిన లోయ ఉన్న పక్క కందకం అవసరమా అని అడిగించండి. భువనగిరిలో ఊరంత ఏకశిల మీదికి సరుకు ఎలా ఎక్కిందో అడిగించండి. వరంగల్‌లో రాతి గోడ ఉండగా బయట మళ్లీ మట్టి గోడ ఎందుకు కట్టారో అడిగించండి. ఒక్కో పిల్లకు ఒక్కో ప్రశ్న, అంతే.

శనివారం రాత్రి పది దాటాక బస్సు వచ్చింది. పిల్ల అన్నం తినకుండానే నిద్రపోయింది. పొద్దున్నే నోట్‌బుక్ తెరిచాను. 'చూసింది' గడిలో మట్టి గొట్టం బొమ్మ, దాని పక్కన తన చిటికెన వేలి బొమ్మ, కొలత కోసం. బండకూ గోడకూ నడుమ పట్టుకున్న చోటు. 'విన్నది'లో రెండు సొరంగాలు. చప్పట్ల దగ్గర, 'గుమ్మటం కింద కొట్టినవి మూడూ వినపడ్డాయి, పక్కకు జరిగినవి ఒక్కటే, అదీ అనుమానం' అని ఉంది. పిక్కల నొప్పి గురించి కూడా రాసింది. 'మూడో మలుపు దగ్గర కూర్చున్నాను. నేను సైనికుడినైతే అక్కడే చచ్చిపోయేవాణ్ణి' అని. ఆ వాక్యాన్ని నేను రెండుసార్లు చదివాను.

చివరి పేజీలో 'అడగాల్సింది' గడిలో ఒకే వాక్యం. 'పైన రాజు కూర్చునే చోట చల్లటి గాలి వస్తుంది, నీళ్లు మోసినవాళ్లను అక్కడ ఎంతసేపు నిలబడనిచ్చేవాళ్లు?'

దానికి జవాబు ఏ పుస్తకంలో దొరుకుతుందో నాకు తెలియదు. లేచాక అదే చెప్పాను. "అయితే మళ్లీ పోదాం" అంది. నా మోకాళ్లు ఇప్పుడు అన్ని మెట్లకు ఒప్పుకోవు. ఆ మాటా చెప్పాను. కాసేపు ఆలోచించింది.

"నేను, అమ్మ పైకి పోతం. నువ్వు కింద గుమ్మటం కాడ ఉండు అమ్మమ్మా. పదకొండు కొట్టంగనే మూడుసార్లు చప్పట్లు కొట్టు. వినపడితే పైనుంచి చున్నీ ఊపుత."

వచ్చే ఆదివారం బయల్దేరుతున్నాం.